ఎన్ఎస్ఎస్, సీఎస్‌పీ, రావెప్: కాలేజీ నాణ్యతకు ఏది మేలు?

న్యాక్ (కాలేజీల నాణ్యతను తూచే జాతీయ సంస్థ) గడువు దగ్గరపడితే ఐక్యూఏసీ (కాలేజీలోని నాణ్యత విభాగం) చూసే లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. చదువు, పరిశోధన, సమాజ సేవ మూడూ కలిసి నడవాలంటే, విద్యార్థులను ఊళ్లకు పంపే ఈ మూడు కార్యక్రమాల్లో దేన్ని పట్టుకోవాలి?

ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 నుంచి ఉంది. రెండేళ్లలో 240 గంటలు, పైగా ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ఊరంటే తెలియని పిల్లలకు ఊరు తెలుస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ సాధారణంగా సిలబస్‌తో దానికి సంబంధం ఉండదు. కెమిస్ట్రీ విద్యార్థీ కామర్స్ విద్యార్థీ కలిసి అవే మొక్కలు నాటి వస్తారు.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీలోని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్‌పీ) ఒక మెట్టు పైన ఉంది. 180 గంటలు, క్రెడిట్లు, మెంటర్ ఉంటారు. సర్వే చేసి రిపోర్టు రాయాలి. చాలాచోట్ల మార్కులు పడ్డాక ఆ రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోతుంది, బాధంతా అదే.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: ఊళ్లో దొరికిన ప్రశ్న ల్యాబుకూ క్లాసుకూ తిరిగి వస్తోందా? ఇందులో వ్యవసాయ విశ్వవిద్యాలయాల రావెప్‌దే (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) పైచేయి. నాలుగో ఏడాది విద్యార్థులు పల్లెల్లో రైతుల వెంట ఉండి నేర్చుకుంటారు. కాలేజీ, పరిశోధన స్థానం, జిల్లాలో రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రం అన్నీ ఒకే వర్సిటీవి కాబట్టి రైతు చెప్పిన సమస్య దారి తప్పదు. పొలం ప్రశ్న ల్యాబుకు చేరితే ఏమవుతుందో తెలియాలంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి వరినే చూడండి, అది వేరే సంస్థల్లో జరిగినా సరే. పొలాల్లో ఎండాకు తెగులు దాన్ని పీడిస్తుంటే, ఆ తెగులును తట్టుకునే రకాన్ని హైదరాబాద్‌లో సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చాయి. పొలంలో కనబడిన కష్టమే అక్కడ పరిశోధన అంశమైంది.

డిగ్రీ కాలేజీకి పరిశోధన స్థానాలు ఎక్కడివి అంటారా? అందుకే సీఎస్‌పీనే రావెప్‌లా నడపమంటాను. ఏటా ఊరు మార్చకండి. ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మొదటి బ్యాచ్ తెచ్చిన శాంపిళ్లను రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో పరీక్షించాలి, లెక్చరర్ దాని మీదే పరిశోధన పత్రం రాయాలి. తర్వాతి బ్యాచ్ ఆ ఫలితాలను ఊరివాళ్లకు చెప్పి, ఏ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువో చూపించాలి. అప్పుడు న్యాక్‌కు పరిశోధననూ విస్తరణనూ (సమాజంలోకి వెళ్లి చేసే పని) ఒకే పనితో చూపించవచ్చు.

ఉన్నత్ భారత్ అభియాన్ (కాలేజీలు ఊళ్లను దత్తత తీసుకునే కేంద్ర పథకం) కింద దత్తత ఊళ్లుంటే వాటినే వాడుకోండి. ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకులు) కోసం మాత్రం ఇదంతా చేయకండి. అందులో ‘ఔట్‌రీచ్’ మార్కులు ప్రధానంగా ఎవరికి సీట్లు దక్కాయన్న దాన్ని బట్టి వస్తాయి, ఊళ్లో చేసిన పనికి కాదు.

ఇంకో మాట. ఊరి వివరాల రిజిస్టర్ డిపార్ట్‌మెంటు దగ్గరే ఉండాలి. మెంటర్‌కు బదిలీ అయినా పని ఆగకూడదు.