మంగలికత్తికి నూనె పూతా, సిలికా జెల్ డబ్బానా?

కార్బన్ ఉక్కు మంగలికత్తిలో తుప్పు తరచుగా మొదలయ్యేది అలుగు పిడిలోకి మడిచే ఇరుసు దగ్గరే. పిడి సందులో నిలిచిన నీటిచుక్క కంటికి కనబడదు. అక్కడికి నూనె చేరుతుంది. కత్తిని తుడిచి, తెరిచి ఆరబెట్టి, ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, అలుగుకు పలుచగా రాయాలి. నువ్వుల నూనె వద్దు, నిలవుంటే జిగురు కడుతుంది. చిక్కల్లా, గడ్డం గీసుకునే ముందు ఆ పూత తుడవాలి.

తేమ పీల్చే గుళికల సిలికా జెల్ పొట్లంతో ఆ బెడద లేదు. కానీ మూత బిగుతుగా ఉన్న డబ్బాలోనే దాని పని. సందున్న పెట్టెలో గదిలోని తేమనే పీల్చి నిండిపోతుంది. రంగు మారే గుళికలైతే నయం, ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది.

రోజూ వాడే కత్తికి బాగా ఆరడమే ముఖ్యం. తాతగారి కత్తిని దాచుకునేవారికైతే నా ఓటు నూనెకే. తోలు ఒరలో మాత్రం పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.