కాన్వాయ్‌లో వాకీటాకీ: కిలోమీటర్లు చూసి కాదు, మాట విని కొనండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగు మిత్రులం కొందరం థార్, జిమ్నీ బండ్లేసుకుని సకలేశపుర కాఫీ తోటల వెనక మట్టి దారులకి, బిస్లె ఘాట్ వైపు, కోలారు కొండల వైపు కొన్నేళ్లుగా వెళ్తున్నాం. ఈ కాలంలో మూడు రకాల రేడియోలు వాడి చూశాం. చేతిలో పట్టుకునే 446 మెగాహెర్ట్జ్ సెట్లు, బండికి బిగించే 27 మెగాహెర్ట్జ్ సీబీ (సిటిజన్ బ్యాండ్) సెట్టు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న మిత్రుల హ్యామ్ (అభిరుచి రేడియో) సెట్లు. కొత్తగా బండి కొన్న ప్రతివాళ్లూ "ఏది తీసుకోమంటావన్నా?" అని అడుగుతారు. డబ్బా మీద రాసిన కిలోమీటర్లు పట్టించుకోవద్దని, ఇంజన్ మోతలో మాట తేటగా వినిపిస్తుందో లేదో చూసుకోమని చెబుతాను.

ఎందుకంటే మట్టి దారిలో ముందు బండికీ వెనక బండికీ మధ్య దూరం యాభై మీటర్లు, మహా అయితే రెండు మూడు వందల మీటర్లు. రేడియో అసలు పని అక్కడే. "మలుపు దాటాక ఎడమ పక్కన గుంత ఉంది, కుడికి పట్టండి." "ఎదురుగా ఎస్టేట్ జీపు వస్తోంది, అక్కడే ఆగండి." "చివరి బండి దిగబడింది, ముందువాళ్లు ఆగండి." ఘాట్‌లోకి దిగాక ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి ఈ మాటలు చేరడానికి వేరే దారి లేదు. వర్షంలో, జారుడు రాళ్ల మీద, ఒకరు కిందికి దిగి టైరు ఎక్కడ పెట్టాలో చెబుతుంటే, అద్దాలు మూసుకున్న డ్రైవర్‌కి "ఆపు" అనే ఒక్క మాట సగం తెగి వినిపించినా బండి అడుగు రాయికి తగులుతుంది. పది కిలోమీటర్ల రేంజ్ అక్కడ ఎందుకూ పనికిరాదు.

ముందుగా చట్టం సంగతి, ఎందుకంటే చాలామంది అమెరికా వీడియోలు చూసి సెట్లు ఎంచుకుంటున్నారు. అక్కడ ఆఫ్‌రోడ్ వాళ్లు ఎక్కువగా చెప్పేది జీఎంఆర్ఎస్ అనే, సామాన్యులు వాడుకునే రేడియో సేవ. అది 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్సు వస్తుంది, ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. మన దేశంలో ఆ ఫ్రీక్వెన్సీలు లైసెన్సు లేకుండా వాడటానికి లేదు. మనకు 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. సీబీకి 2005 నుంచే 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, ఐదు వాట్ల దాకా మినహాయింపు ఉంది. అయితే సెట్టుకి మాత్రం టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికి ఆమోదం, ఉండాలి. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు ఏ వివరమూ లేకుండా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. ఫ్రీక్వెన్సీ ఎంతో రాయని సెట్టు ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మొదట అడగాల్సినవి రెండే: ఏ ఫ్రీక్వెన్సీ, ఈటీఏ కాగితం ఏది?

మేం ఎక్కువగా వాడింది 446 సెట్లే. ఇప్పటికీ అవే వాడుతున్నాం. చెరువు గట్టు మీద, బోడి కొండ మీద నిలబడితే కొన్ని కిలోమీటర్లు కూడా అందుతాయి. కాఫీ తోటల్లో, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య, వంపులు తిరిగే దారిలో కిలోమీటరు లోపే మాట తెగిపోతుంది. బండి లోపల కూర్చుని మాట్లాడితే ఇనుప బాడీ కొంత మింగేస్తుంది. సెట్టుని డ్యాష్‌బోర్డు కిందో, రెండు సీట్ల మధ్యో పడేయకుండా కిటికీ అద్దం ఎత్తులో నిలువుగా పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఎక్కువ వాట్లుంటే కొండ దాటుతుందనేది ఉత్త భ్రమ. అడ్డు లేని మైదానంలోనే దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలి. అడ్డంగా కొండ ఉంటే ఆ లెక్క కూడా పనిచేయదు.

దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మీట నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం పోతుంది. అవతలి సెట్టు సిగ్నల్‌ని, అందులోని కోడ్ టోన్‌ని గుర్తుపట్టి స్పీకర్ తెరవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. "వద్దు, ముందుకు రావొద్దు" అంటే మొదటి "వద్దు" పోయి, చివర కూడా తెగి, వెనకవాళ్లకి "ముందుకు రా..." వరకే అందిన సందర్భం మాకు ఎదురైంది. అప్పటినుంచి మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, మొదట బండి పేరు, తర్వాత విషయం చెబుతాం. ప్రమాదం ఉన్నచోట "వద్దు" అనకుండా "ఆగు ఆగు" అని రెండుసార్లు అంటాం.

ఆ కోడ్ గురించి కూడా చెప్పాలి. డబ్బా మీద ప్రైవసీ కోడ్ అని రాస్తారు గానీ అది మన మాటల్ని దాచదు. అదే ఛానెల్‌లో ఇతరుల మాటలు మన స్పీకర్‌లో మోగకుండా ఆపుతుంది, అంతే. కోడ్ తీసేసినవాళ్లు ఎవరైనా మన మాట వినొచ్చు. వారాంతంలో సకలేశపుర వైపు ఇంకో బృందం అదే ఛానెల్‌లో ఉంటే, వాళ్ల మాట మనకు వినిపించకపోయినా ఛానెల్‌ని మాత్రం వాళ్లు ఆక్రమించే ఉంటారు. అలాంటప్పుడు కోడ్ మార్చి లాభం లేదు, ఛానెల్ మార్చాలి. ఇక మీట నొక్కకుండా మాట్లాడే వాక్స్ సౌకర్యాన్ని ఆఫ్‌లో పెట్టేయండి. డీజిల్ ఇంజన్ మోతకే అది తెరుచుకుని అందరి నోళ్లూ మూయిస్తుంది.

సీబీని నేను ఎంతో ఇష్టంగా బిగించుకున్నాను. దాని తరంగం పొడవు పదకొండు మీటర్లు, అందుకే నాలుగో వంతు యాంటెన్నా కూడా దాదాపు రెండు మీటర్ల డెబ్భై సెంటీమీటర్లుంటుంది. థార్ మీద అంత పొడవు పెడితే కాఫీ తోటలో ప్రతి కొమ్మకీ తగులుతుంది. పొట్టి యాంటెన్నా పెడితే శక్తిలో చాలా భాగం వృథా. యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి సరిచేసుకోవాలి, బాడీకి ఎర్తింగ్ గట్టిగా ఉండాలి. చవక యూఎస్‌బీ ఛార్జర్, డ్యాష్‌క్యామ్ రెండూ బరబరా గోల పెడతాయి. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న కాలంలో పగటిపూట ఎక్కడెక్కడి దేశాల మాటలో వచ్చి పడతాయి. వినడానికి అద్భుతంగా ఉంటుంది, కాన్వాయ్‌కి మాత్రం అడ్డమే. విదేశాల నుంచి తెచ్చుకునే నలభై ఛానెళ్ల సీబీ సెట్లలో మన పరిధికి లోబడేవి ఒకటి నుంచి ఇరవై ఏడు వరకే. ఇరవై ఎనిమిదో ఛానెల్ 27.285 దగ్గర ఉంటుంది, అది గీత దాటినట్టే. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, బృందంలో ఇంకెవరి దగ్గరా ఆ సెట్టు ఉండదు. మాట్లాడటానికి మనిషే లేనప్పుడు సెట్టు ఎంత మంచిదైతే ఏం?

హ్యామ్ సెట్లు నాణ్యతలో వీటన్నిటికన్నా పైమెట్టే. మా బావకి లైసెన్సు ఉంది, 144 మెగాహెర్ట్జ్ మీద బండి పైకప్పు యాంటెన్నాతో ఆయన అందుకునే దూరం మా చేతి సెట్లకి కలలో కూడా రాదు. కానీ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లే అందులో మాట్లాడాలి. అయిదు బండ్లలో ఇద్దరికే లైసెన్సు ఉంటే మిగతా ముగ్గురూ బయటే. అందరి చేతిలో కనిపించే బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి సెట్టు ఈ కోవలోదే. చవకగా దొరుకుతోంది కదా అని లైసెన్సు లేకుండా మీట నొక్కకూడదు. పోలీసులు, అత్యవసర సేవలు వాడే ఫ్రీక్వెన్సీల మీద కూడా అది ప్రసారం చేయగలదు, అందుకే ఈ జాగ్రత్త. నిజంగా ఆసక్తి ఉంటే పరీక్ష రాయండి, అది నేర్చుకోదగ్గ విద్య.

బండి నడిపేవాళ్లు సెట్టు చేత్తో పట్టుకోకపోవడం మా బృందంలో కచ్చితమైన నియమం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, నడుపుతూ చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. పక్క సీట్లో ఉన్నవాళ్లే మాట్లాడతారు. ఒంటరిగా వచ్చేవాళ్లకి కాలరుకి తగిలించుకునే స్పీకర్ మైక్ ఉన్నా, ఆగాకే మీట నొక్కమంటాం, వినడం మాత్రం ఎప్పుడూ ఆపొద్దంటాం. లీడ్ బండిలోనూ చివరి బండిలోనూ మా దగ్గరున్న వాటిలో గట్టిగా మోగే సెట్లు ఉంచుతాం.

కొనేముందు దుకాణంలోనే రెండు సెట్లు తెరిపించండి. ఒకటి ఆన్‌లో ఉన్న బండిలో పెట్టి, ఏసీ ఫ్యాన్ ఫుల్‌లో తిప్పి, రెండోదానితో వీధి చివరి నుంచి ఎవరినైనా మాట్లాడించండి. టైప్-సీతో ఛార్జ్ అవుతుందో లేదో చూడండి, కొండల్లో దాని సొంత ఛార్జర్ పోతే ఆ సెట్టు ఆ ప్రయాణానికి పనిచేయదు. తడి చేత్తో, వేళ్లకి బురదతో ఉన్నా మీట తేలిగ్గా దొరకాలి. ఈ పరీక్షలో నెగ్గినదే అందరూ ఒకే మోడల్ తీసుకోండి. బ్యాటరీలు, ఛార్జర్లు ఒకరివి ఒకరికి పనికొస్తాయి.