లా స్కూల్‌కి వెళ్లాలనుకునే పిల్లలకు ఏది మేలు: క్రిమినల్ ప్రొసీజరా, సివిల్ లిబర్టీసా?

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తోంది. పిల్లలు బ్యాచిలర్స్‌లో ఉన్నారు, తర్వాత లా చదువుతామంటున్నారు. నిందితుడి హక్కులు, డ్యూ ప్రాసెస్ (న్యాయమైన పద్ధతి పాటించకుండా ప్రభుత్వం ఎవరినీ శిక్షించకూడదన్న సూత్రం) నేర్చుకోవడానికి క్రిమినల్ జస్టిస్ విభాగంలోని క్రిమినల్ ప్రొసీజర్ తీసుకోవాలా, పొలిటికల్ సైన్స్‌వాళ్ల సివిల్ లిబర్టీస్ (పౌర స్వేచ్ఛలు) తీసుకోవాలా? లా స్కూళ్లు ఫలానా మేజరే కావాలని అడగవు కాబట్టి అడ్మిషన్ విషయంలో దేనికీ ప్రత్యేక మొగ్గు లేదు. మా అమ్మాయి రెండూ తీసుకుంది, ఆ పాఠాలు నేనూ వెంట చదివాను.

క్రిమినల్ ప్రొసీజర్‌లో కేసు నడక మొత్తం వరుసగా తెలుస్తుంది: రోడ్డు మీద ఆపడం, సోదా, అరెస్టు, బెయిలు, గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం), విచారణ, శిక్ష. అమెరికాలో పడే శిక్షల్లో 90 శాతానికి పైగా విచారణ లేకుండానే, నిందితుడు నేరం ఒప్పుకోవడంతో ఖరారవుతాయి. ప్లీ బార్గెయిన్ (తక్కువ శిక్ష లాంటిదానికి బదులుగా నేరం ఒప్పుకునే ఒప్పందం) ఎంత పెద్ద విషయమో ఈ క్లాసులోనే బోధపడుతుంది. పోలీసు ఉద్యోగాలు, ప్రొబేషన్ (దోషులను జైలు బయటే పర్యవేక్షించే) ఉద్యోగాల వైపు వెళ్లేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా ఇదే తీసుకోవాలి.

కానీ ఇలాంటి క్లాసులు చాలావాటిలో తీర్పుల సారాంశమే చదివిస్తారు. "మిరాండా, 1966: ప్రశ్నించే ముందు హక్కులు చెప్పాలి" అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. అదే తీర్పును పూర్తిగా చదివితే సంగతి వేరు. ఫీనిక్స్ పోలీసులు రెండు గంటలు ప్రశ్నించాక ఎర్నెస్టో మిరాండా సంతకం చేసిన కాగితంలో, తన హక్కులన్నీ తెలిసే ఒప్పుకుంటున్నానని ముందే టైపు చేసి ఉంది. లాయరును పెట్టుకునే హక్కు ఉందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. సుప్రీంకోర్టు తీర్పు 5-4 తేడాతో మిరాండాకు అనుకూలంగా వచ్చింది. బలవంతం చేశారా లేదా అని చూసే పాత డ్యూ ప్రాసెస్ పరీక్షే చాలని జస్టిస్ హార్లన్ అసమ్మతి రాశారు. మెజారిటీ తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ వారెన్ వాదన, హార్లన్ వాదన రెండూ చదివి, రెంటికీ న్యాయం చేస్తూ ఒక పేజీ బ్రీఫ్ (కేసును, వాదనలను సొంత మాటల్లో క్లుప్తంగా విడమర్చడం) రాయడానికి మా అమ్మాయికి ఒక సాయంత్రమంతా పట్టింది.

నా దృష్టిలో తేల్చేది ఇదే: అసమ్మతి తీర్పులు చదివిస్తారా లేదా. 1942లో బెట్స్ కేసులో, పేద నిందితుడికి ప్రతి కేసులోనూ రాష్ట్రమే లాయరునివ్వక్కర్లేదని సుప్రీంకోర్టు అంటే, జస్టిస్ బ్లాక్ ఒప్పుకోలేదు. 1963లో గిడియన్ కేసులో దాన్ని కొట్టేస్తూ కోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు రాసింది ఆ బ్లాకే. ఓడిన వాదన 21 ఏళ్లకు చట్టం కావడం చూసిన విద్యార్థి చట్టాన్ని బట్టీ పట్టడు, దానితో వాదిస్తాడు. సివిల్ లిబర్టీస్ క్లాసులో ఈ సాధన ఎక్కువ, అందుకే నా ఓటు దానికి. 2024 ఆగస్టు నుంచి లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ (పజిల్స్ లాంటి ప్రశ్నలు) తీసేశారు, చదివి తర్కించడమే మిగిలింది. అక్కడా ఇది పనికొస్తుంది.

ఇక మాక్ ట్రయల్ (విద్యార్థులు నడిపే ఉత్తుత్తి కోర్టు విచారణ) మాట్లాడే ధైర్యానికి మంచిదే. పారాలీగల్ (లాయర్లకు సహాయకులుగా పనిచేసే ఉద్యోగం) కోర్సు లా స్కూల్‌కి వెళ్లేవాళ్లకు అవసరం లేదు.

రిజిస్టర్ అయ్యేముందు రెండు సిలబస్‌లూ తెరిచి చూడండి. క్రిమినల్ ప్రొసీజర్ చెప్పేవారే పూర్తి తీర్పులు చదివించి బ్రీఫ్‌లు రాయిస్తుంటే, ముందు అదే తీసుకోమనండి.