ఆర్లాండోలో దిగేదెక్కడ? డిస్నీ, యూనివర్సల్ హోటళ్ల రివ్యూ

డిస్నీ వరల్డ్, యూనివర్సల్ థీమ్ పార్కులున్న అమెరికా నగరం ఆర్లాండోలో హోటళ్ల రేట్లు చూడగానే ఎవరికైనా ముందు తోచేది ఒకటే: రాత్రి పడుకోవడానికేగా, ఎక్కడ చవకైతే అక్కడ దిగుదాం. ఇద్దరు పెద్దవాళ్లే వెళ్తుంటే ఆ లెక్క బాగానే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లాడు, డెబ్బై ఏళ్ల తాతయ్య కూడా ఉంటేనే తేడా కొడుతుంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక గదికొచ్చి, ఏసీలో రెండు గంటలు పడుకుని, సాయంత్రం మళ్లీ పార్కుకి వెళ్లగలిగే వీలుందా లేదా అన్నదాని మీదే ఆ ట్రిప్పంతా ఆధారపడి ఉంటుంది. అందుకని ఇక్కడ హోటళ్లకు మార్కులు వేసింది గది తలుపు నుంచి పార్కు గేటుకు పట్టే టైమ్, గదిలో మంచాలు, బాత్‌రూముల సంఖ్య చూసి. లాబీలో షాండిలియర్‌కు మార్కులు లేవు.

ముందు ఒక చిక్కు తెలుసుకోవాలి. డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నాయి. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్‌లకు కారులో వెళ్తే పార్కింగ్ గేటు ముందే ఉంటుంది. పిల్లలు ఎక్కువగా కోరే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం అలా కుదరదు. పార్కు ముందు సరస్సు ఉంది, కారు పెట్టేది దానికి ఇవతల, ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర. అక్కడ సెక్యూరిటీ చెకింగ్ అయ్యాక మోనోరైల్ గానీ ఫెర్రీ గానీ ఎక్కి అవతలికి వెళ్లాలి. బయటి హోటళ్ల షటిళ్లు, ఊబర్లు కూడా మామూలుగా దింపేది ఇక్కడే. మ్యాప్‌లో ఇరవై నిమిషాలని చూపిస్తే దానికి ఇంకో అరగంట, ముప్పావుగంట కలుపుకోండి. రాత్రి బాణసంచా అయ్యాక తిరుగు ప్రయాణంలో అదే క్యూ, ఈసారి భుజం మీద నిద్రపోతున్న పిల్లతో. డిస్నీ సొంత హోటళ్ల బస్సులైతే సరస్సు దాటి నేరుగా గేటు పక్కనే దింపుతాయి. మీ ప్లాన్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రెండు రోజులు కేటాయించి, పిల్లలు ఆరేళ్లలోపు వాళ్లైతే డిస్నీ హోటల్‌కి ఎక్కువ పెట్టినా దండగ కాదు.

డబ్బుకు తగ్గ హోటల్ ఒక్కటే చెప్పమంటే పాప్ సెంచరీ. 2,880 గదుల పెద్ద హోటల్. డిస్నీ దీన్ని వాల్యూ తరగతిలో పెట్టింది, అంటే చవక రకం. గది సుమారు 260 చదరపు అడుగులు, నలుగురికి. మూడేళ్లలోపు పాప క్రిబ్‌లో పడుకుంటే ఆ నలుగురి లెక్కలోకి రాదు. ఒక క్వీన్ మంచం ఎప్పుడూ వేసే ఉంటుంది. రెండోది గోడలోంచి కిందికి దించుకోవాలి. పరుపు అసలైన పరుపే, సోఫా బెడ్‌లా నడుం విరిచేది కాదు. ఇబ్బంది ఇంకో చోట ఉంది. ఆ మంచం పైకి ఎత్తి ఉన్నప్పుడే అక్కడ బల్ల ఉంటుంది. దించాలంటే బల్ల మీది పాల సీసాలు, ఛార్జర్లు, చిప్స్ ప్యాకెట్లు అన్నీ తీసి, కుర్చీలు జరపాలి. మధ్యాహ్నం పాపని ఆ మంచం మీద పడుకోబెట్టారా, మిగతావాళ్లకి కూర్చుని తినడానికి చోటుండదు. పగటి నిద్రకి మాత్రం వేసి ఉన్న మంచమే వాడండి. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉండదు. పాలో, అన్నమో వేడి చేసుకోవాలంటే ఫుడ్ కోర్టు దాకా నడవాల్సిందే.

పాప్ సెంచరీకి ఇంత పేరు రావడానికి కారణం స్కైలైనర్. 2019 సెప్టెంబర్‌లో మొదలైన ఈ కేబుల్ కారు హోటల్ ముందున్న చెరువు వంతెన మీద నుంచే బయల్దేరుతుంది. కరీబియన్ బీచ్ అనే ఇంకో డిస్నీ హోటల్ దగ్గరి స్టేషన్‌లో మారి ఒక లైన్‌లో హాలీవుడ్ స్టూడియోస్‌కి, ఇంకో లైన్‌లో ఎప్‌కాట్‌కి వెళ్లొచ్చు. స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) మడవక్కర్లేదు. బస్సులో అయితే ఎక్కేముందే మడవాలి. అంటే ఒక చేతిలో పిల్ల, ఇంకో చేతిలో స్ట్రోలర్, మెడలో బ్యాగు. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి క్యాబిన్ ఆపి ఎక్కించే చోటు స్టేషన్‌లో వేరుగా ఉంటుంది. ఎప్‌కాట్‌లో స్కైలైనర్ దింపేది వెనక గేటు దగ్గర. పొద్దున్నే అటు వెళ్తే ఫ్రాన్స్ పెవిలియన్‌లోని రెమీ రైడ్ దగ్గర్లోనే ఉంటుంది. టెస్ట్ ట్రాక్ లాంటి రైడ్లు ముందు గేటు వైపు, చాలా నడవాలి. ఒక్క లోపం: పిడుగులు పడే సూచన ఉంటే స్కైలైనర్ ఆపేస్తారు. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం ఉరుములతో వాన పడటం మామూలే. అప్పుడు బదులుగా బస్సులు నడుపుతారు గానీ, అందరూ ఒక్కసారే ఎగబడతారు. ఆకాశం నల్లబడుతున్నప్పుడే బయల్దేరాలి. మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్‌లకు ఎలాగూ బస్సే.

అదే వంతెనకు అవతల ఆర్ట్ ఆఫ్ యానిమేషన్. అమ్మమ్మ, తాతయ్యలతో ఆరుగురు వెళ్తుంటే ఇక్కడి ఫ్యామిలీ సూట్ చూడండి. తలుపున్న బెడ్‌రూమ్, హాల్లో సోఫా బెడ్, డైనింగ్ టేబుల్‌ను తిప్పితే ఇంకో మంచం, మైక్రోవేవ్, అన్నింటికంటే ముఖ్యంగా రెండు బాత్‌రూములు. పొద్దున ఏడింటికి ఆరుగురు తయారవ్వాలంటే రెండో బాత్‌రూమ్ విలువ అర్థమవుతుంది. రేటు మాత్రం వాల్యూ అన్న పేరుకు తగ్గట్టు ఉండదు. పాప్ సెంచరీలో రెండు గదులు తీసుకుంటే ఎంతవుతుందో కూడా చూసి పోల్చుకోండి, చాలా తేదీల్లో అదే చవక. అప్పుడు ‘కనెక్టింగ్ గదులు’ అని బుకింగ్‌లోనే ఖాయం చేయించుకోండి. ఉత్త రిక్వెస్ట్‌గా పెడితే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఇక్కడే ఉన్న లిటిల్ మెర్మెయిడ్ గదులు సూట్లు కావు, మామూలు గదులు. పైగా బస్ స్టాపుకు, ఫుడ్ కోర్టుకు అన్నింటికంటే దూరం. పిల్ల ఆ సినిమాలోని ఏరియల్ అంటే పడి చస్తే తప్ప అవసరం లేదు.

ఆల్ స్టార్ హోటళ్లు మూడు, డిస్నీలో అన్నింటికంటే చవక. బస్సు తప్ప వేరే దారి లేదు. రద్దీ తక్కువ వేళల్లో మూడింటికీ కలిపి ఒకే బస్సు తిరుగుతుంది: ముందు స్పోర్ట్స్, తర్వాత మ్యూజిక్, చివర మూవీస్. మూవీస్‌లో ఉన్నవాళ్లకి పొద్దున నిలబడే చోటే మిగలొచ్చు, రాత్రి దిగడం కూడా ఆఖర్నే. మూడింట్లో తీసుకుంటే స్పోర్ట్స్ మేలు. ఆరుగురికి ఫ్యామిలీ సూట్లు కావాలంటే మ్యూజిక్‌లో ఉన్నాయి, అక్కడా రెండు బాత్‌రూములే.

మోడరేట్, అంటే మధ్యరకం తరగతిలో కుటుంబాలకు నచ్చేది పోర్ట్ ఓర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్. చిన్న హోటల్, ఒకే బస్ స్టాప్, లిఫ్టులున్నాయి. పక్కనే ఉన్న రివర్‌సైడ్‌లో కొన్ని గదుల్లో అయిదో మనిషికి చిన్న మంచం ఉంటుంది, అది పిల్లల సైజే. ఆ మంచం ఉండేది అలిగేటర్ బయూ భాగంలో, అక్కడ లిఫ్టుల్లేవు. కరీబియన్ బీచ్ కూడా రెండంతస్తుల భవనాలే, లిఫ్ట్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే గ్రౌండ్ ఫ్లోర్ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పి, చెక్ ఇన్ రోజున మళ్లీ గుర్తు చేయండి. కరీబియన్ బీచ్ స్కైలైనర్‌కు మధ్య స్టేషనే గానీ, ఆవరణ చాలా పెద్దది. దూరంగా గది పడితే స్టేషన్‌కు నడవడానికే కాళ్లు అరుగుతాయి. పాప్ సెంచరీకి దీనికి రేటు తేడా చూస్తే, రెండు అసలు మంచాల కోసం అంత పెట్టాలా అనిపిస్తుంది.

డీలక్స్ హోటళ్లలో డబ్బుకు నిజంగా న్యాయం చేసేవి మ్యాజిక్ కింగ్‌డమ్ మోనోరైల్ మీదున్న మూడు: కాంటెంపరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్. కాంటెంపరరీ నుంచి గేటుకు పది నిమిషాల నడక. మధ్యాహ్నం నిద్రకు ఇంతకన్నా సుఖమైన చోటు లేదు. ఎప్‌కాట్ వెనక ఉన్న బీచ్ క్లబ్‌కు ఇసుక అడుగున్న కొలను పెద్ద ఆకర్షణ, ఎప్‌కాట్‌కు నడిచే వెళ్లొచ్చు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌ను అందరూ మెచ్చుకుంటారు. బాల్కనీ కింద జిరాఫీలు తిరుగుతుంటే మెచ్చుకోక ఏం చేస్తారు! కానీ అన్నింటికీ బస్సే, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి చాలా దూరం. పైగా జంతువులు కనిపించేది సవానా వ్యూ (గడ్డిమైదానం వైపు) గదులకే. ఒక పూట భోజనానికి వెళ్లి హోటల్ వెనక నుంచి జంతువుల్ని చూసి రావడం చవక మార్గం.

డిస్నీ హోటల్లో దిగిన అందరికీ వచ్చేవి: రోజూ ప్రతి పార్కులోకీ అరగంట ముందు ప్రవేశం, పార్కుల్లో కారు పార్కింగ్ ఉచితం, రైడ్ల దగ్గర పొట్టి క్యూలో వెళ్లనిచ్చే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ ఏడు రోజుల ముందే కొనుక్కునే అవకాశం. బయటివాళ్లకు అది మూడు రోజుల ముందే. హోటల్లో సెల్ఫ్ పార్కింగ్‌కి 2023 జనవరి నుంచి డబ్బు తీసుకోవడం లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఉచిత బస్సు మాత్రం 2022 జనవరిలో ఆగిపోయింది. పాత సలహాలు చదివి దాని మీద ఆశ పెట్టుకోకండి. ఊబర్‌లో పిల్లల కార్ సీటు ఉంటుందనీ అనుకోవద్దు, మీదే తెచ్చుకోండి. అరగంట ముందు ప్రవేశం అంటే ఆ అరగంటకు గేటు దగ్గర ఉండాలి, అప్పుడు హోటల్ నుంచి బయల్దేరితే ఏమీ మిగలదు. పిల్లలు తొమ్మిదింటికి గానీ లేవని ఇంటివాళ్లకు ఈ సౌకర్యం విలువ సున్నా.

యూనివర్సల్ లెక్క వేరు. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ప్రీమియర్ హోటళ్లలో దిగితే, బుకింగ్‌లో పేరున్న ప్రతి ఒక్కరికీ ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ వస్తుంది, అంటే రైడ్ల దగ్గర పొట్టి క్యూలో ఎన్నిసార్లైనా వెళ్లనిచ్చేది. విడిగా కొంటే రద్దీ రోజుల్లో మనిషికి వంద డాలర్లు దాటే పాస్ అది. ఇందులోని కిటుకు: చెక్ ఇన్ రోజు, చెక్ అవుట్ రోజు, రెండు రోజులూ పనిచేస్తుంది. రాయల్ పసిఫిక్‌లో ఒక్క రాత్రి తీసుకుని, పొద్దున్నే వచ్చి పేరు నమోదు చేయించుకుని, గది సిద్ధం కాకముందే పాస్‌లు పట్టుకుని పార్కుకి వెళ్లొచ్చు. నలుగురికి రెండు రోజుల పాస్‌ల ఖరీదుతో పోలిస్తే చాలాసార్లు గదే చవక. కానీ ఆ పాస్ యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ అనే పాత రెండు పార్కులకే. 2025 మే 22న తెరిచిన కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో చెల్లదు, నీటి ఆటల పార్కు వాల్కనో బేలోనూ చెల్లదు. ఎపిక్ కోసమే వెళ్తుంటే ప్రీమియర్‌కు డబ్బు పోయకండి. దానికి దగ్గర్లోని స్టెల్లా నోవా, టెర్రా లూనా హోటళ్లు చాలు. పిల్లలు 40 అంగుళాల ఎత్తు దాటకపోతే యూనివర్సల్‌లో ఎక్కలేని రైడ్లు చాలా ఉంటాయి, అప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎవరికి? యూనివర్సల్‌లోని కబానా బే, ఎండ్‌లెస్ సమ్మర్ హోటళ్ల సూట్లలో ఆరుగురు పడతారు, మైక్రోవేవ్ ఉంటుంది, బాత్‌రూమ్ ఒక్కటే. యూనివర్సల్ హోటళ్లలో రాత్రి పార్కింగ్‌కి వేరే చార్జీ.

ఎనిమిది మంది దాటితే దగ్గర్లోని ఊళ్లు కిసిమ్మీ, డావెన్‌పోర్ట్ వైపు అద్దె ఇళ్లే దిక్కు. వంటగది, వాషింగ్ మెషీన్, అందరికీ తలుపులున్న గదులు. రాత్రి రేటు పక్కన క్లీనింగ్ ఫీజు, చలికాలంలో కొలను వేడి చేసే ఫీజు విడిగా ఉంటాయి, మూడు రాత్రుల బసకు అవి గట్టిగానే తగులుతాయి. నడిచే వయసు పిల్లలుంటే కొలను చుట్టూ తీసి పెట్టే జాలీ ఉందా, తలుపు తీస్తే అలారం మోగుతుందా అని ఓనర్‌ని రాతపూర్వకంగా అడగండి. పొద్దున ఐ-4 హైవే మీద ట్రాఫిక్ సంగతి తెలిసిందే. ఇంట్లో వండుకు తిని బయల్దేరేసరికి పదిన్నర, మధ్యాహ్నం నిద్రకు తిరిగి రావడం ఇక మాటల్లోనే.

రేట్లు పోల్చేటప్పుడు ఆఖరి పేజీ దాకా వెళ్లి చూడండి. ఆరెంజ్ కౌంటీలో గది మీద పన్ను 12.5 శాతం, ఒసియోలా కౌంటీలో 13.5. కిసిమ్మీతో పాటు డిస్నీ ఆల్ స్టార్ హోటళ్లు కూడా ఈ రెండోదాని కిందికే వస్తాయి. డిస్నీ సొంత హోటళ్లలో రిసార్ట్ ఫీజు (గది రేటు మీద హోటల్ వేసే అదనపు చార్జీ) లేదు. బయటి హోటళ్లలో చాలావాటికి ఉంది, దాని మీద పన్ను కూడా. ‘ఉచిత షటిల్’ అన్న చోట రోజుకు ఎన్ని ట్రిప్పులు, సీటు ముందు రోజే రాయించుకోవాలా, బాణసంచా తర్వాత ఆఖరి బండి ఎన్నింటికి అన్న మూడూ ఫోన్ చేసి కనుక్కోండి. డిస్నీలో గది ఒక్కటే విడిగా బుక్ చేస్తే ఆరు రోజుల ముందు వరకు రద్దు చేసుకోవచ్చు. టికెట్లతో కలిపి ప్యాకేజీగా తీసుకుంటే అది 30 రోజులు. గది విడిగా ఉంటేనే తర్వాత డిస్కౌంట్ వచ్చినప్పుడు మార్చుకోవడం తేలిక. మధ్యాహ్నం మూడింటికి ముందు గది ఇస్తారన్న నమ్మకం లేదు కాబట్టి, మొదటి రోజు ఈత దుస్తులు, డైపర్లు, మందులు పెద్ద సూట్‌కేసులో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి. సూట్‌కేసులు హోటల్లో సామాను చూసుకునే బెల్ సర్వీస్ దగ్గర వదిలేసి కొలనుకి వెళ్లిపోవచ్చు.