హెండర్సన్ బ్యాండా, గోల్డ్‌కెట్ బ్యాండా?

1920ల హాట్ జాజ్, అంటే మంచి ఊపుతో వాయించే ఆనాటి జాజ్, కొత్తగా వినేవాళ్లు ఎవరితో మొదలుపెట్టాలని అడిగితే నేను బ్యాండ్ లీడర్ ఫ్లెచర్ హెండర్సన్ పేరే చెప్తాను, కానీ 1926 అక్టోబరులో న్యూయార్క్ రోజ్‌ల్యాండ్ బాల్‌రూమ్‌లో ఆయన బ్యాండూ డెట్రాయిట్ నుంచి వచ్చిన జీన్ గోల్డ్‌కెట్ బ్యాండూ పోటీలో ఢీకొన్నప్పుడు నెగ్గింది మాత్రం గోల్డ్‌కెట్ బ్యాండే. సొంత అడ్డాలో ఓడిపోయామని హెండర్సన్ దగ్గర కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) వాయించిన రెక్స్ స్టూవర్టే తర్వాత ఒప్పుకున్నాడు.

రికార్డులు వింటే అది నమ్మబుద్ధి కాదు. బిక్స్ బైడర్‌బెక్ లాంటి కార్నెట్ వాద్యకారుడు బ్యాండ్‌లో ఉన్నా విక్టర్ రికార్డు కంపెనీ గోల్డ్‌కెట్ చేత చాలావరకు మామూలు పాప్ పాటలే రికార్డు చేయించింది, పైగా మధ్యలో నీరసంగా పాడే గాయకులు! అయినా 1927 నాటి ‘మై ప్రెటీ గర్ల్’ చివరి నిమిషం వినండి, స్టీవ్ బ్రౌన్ బేస్ తీగల్ని చెళ్లుచెళ్లున కొడుతుంటే బ్యాండంతా ఎగిరి దూకుతుంది.

ఇక హెండర్సన్ దగ్గర డాన్ రెడ్‌మన్ ఇత్తడి వాద్యాలు ఒక మాట అంటే శాక్సోఫోన్లు బదులు చెప్పేలా అరేంజ్‌మెంట్లు, అంటే ఏ వాద్యం ఎప్పుడు ఏం వాయించాలో రాసేవాడు, ఆ బ్యాండ్‌లోకి 1924లో ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి పడ్డాడు. ‘షుగర్ ఫుట్ స్టాంప్’లో అతని సోలో మొదలవగానే మిగతా బ్యాండ్ ఒక్కసారిగా పాతబడిపోయినట్టుంటుంది.

డబ్బు దగ్గర ఇద్దరూ దెబ్బతిన్నారు. జీతాల భారం మోయలేక గోల్డ్‌కెట్ 1927లో ఆ బ్యాండ్ ఎత్తేస్తే బిక్స్‌ని మరో బ్యాండ్ లీడర్ పాల్ వైట్‌మన్ తీసుకున్నాడు, హెండర్సన్ 1934లో తన అరేంజ్‌మెంట్లు క్లారినెట్ వాద్యకారుడు, బ్యాండ్ లీడర్ బెన్నీ గుడ్‌మన్‌కి అమ్ముకున్నాడు, వాటితోనే గుడ్‌మన్ స్టార్ అయ్యాడు.