రేగడి నేలలో ఇంటి ముందు దారి: మొరం, కంకర, పేవర్ బ్లాకులు... ఏది మేలు?

మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఇల్లు కట్టుకునే మన తెలుగువాళ్లు గేటు నుంచి మెట్ల దాకా వేసే దారిని చివరికి వదిలేస్తారు. స్లాబ్, ప్లాస్టరింగ్, రంగులు అన్నీ అయ్యేసరికి చేతిలో డబ్బు కూడా అయిపోతుంది. అప్పుడు మేస్త్రీ "ఇప్పటికి రెండు ట్రాలీల కంకర పోయించండి, తర్వాత చూసుకుందాం" అంటాడు. నేల చదును చేయకుండా, కింద ఏమీ వేయకుండా నేరుగా రేగడి మీద పోసిన ఆ కంకర ఒక్క వానాకాలం కూడా నిలవదు.

నాందేడ్ జిల్లాలో చాలా చోట్ల నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత వెడల్పున పగుళ్లిస్తుంది. మా వీధిలోనే ఒక ఇంటి ముందు కంకర దారి సెప్టెంబర్ నాటికి ఎలా అయిందో చూశాను. కారు చక్రాలు నడిచే చోట రెండు కాలువలు పడ్డాయి, వాటిలో రాయి కంటే నల్లటి బురదే ఎక్కువగా ఉంది. పారతో తవ్వితే జానెడు లోతున దొరికింది కంకరంతా. రాయి ఎక్కడికీ పోలేదు, నేలలోకి దిగిపోయింది. మళ్లీ ట్రాలీ తెప్పించి పోస్తే అదీ కిందికే దిగుతుంది.

అందుకే పైన ఏం పరచాలన్న ప్రశ్న కంటే ముందు కింద ఏం వేయాలన్నది తేల్చుకోవాలి. ఈ నేలలో డబ్బు పెట్టాల్సింది అడుగు పొర మీద. అది సరిగ్గా ఉంటే పైపొరను ఇవాళ చవకగా వేసుకుని రేపు మార్చుకోవచ్చు. అది లేకపోతే ఖరీదైన పేవర్ బ్లాకులు (అచ్చుపోసిన సిమెంటు దిమ్మెలు) కూడా ఎగుడుదిగుడై లేస్తాయి.

పోలికకు ఒకే దారి తీసుకుందాం: పది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు, అంటే 400 చదరపు అడుగులు. ఇటు కొలత బ్రాస్‌లో చెబుతారు. ఒక బ్రాస్ 100 ఘనపుటడుగులు. క్రషర్ దగ్గర కాటా మీద టన్నుల లెక్కన ఇస్తే, బ్రాస్ కంకర సుమారు నాలుగు టన్నుల పైచిలుకు తూగుతుందని గుర్తుంచుకోండి. ధరలు క్రషర్ దూరాన్ని బట్టి, డీజిల్‌ను బట్టి మారతాయి. కాబట్టి లెక్క తెలియడానికి మాత్రమే మొరం (చిన్న రాళ్లు కలిసిన ఎర్రమట్టి) బ్రాస్ 1,500, కంకర బ్రాస్ 3,000 రూపాయలు అనుకుంటున్నాను. మీ ఊరి రేటు అడిగి ఆ స్థానంలో వేసుకోండి.

మొదట మొరం ఒక్కటే. రోలర్ తొక్కాక ఆరంగుళాలు మిగలాలంటే 200 ఘనపుటడుగులు కావాలి. మొరం అణిగితే బాగా తగ్గుతుంది కాబట్టి పాతిక శాతం ఎక్కువ తెప్పించాలి, అంటే రెండున్నర బ్రాస్. మన అంచనా ధరకు 3,750. అన్నిటికంటే చవక, నడవడానికి మెత్తన, సైకిలుకూ స్కూటరుకూ హాయి. కానీ ఎండాకాలం దుమ్ము, వానాకాలం ఎర్రమరకలు ఇంట్లోకి వస్తాయి. మొరంలో మట్టి ఎక్కువుంటే జారుడు తప్పదు. కొనే ముందు గుప్పెడు తీసుకుని తడిపి చూడండి. ఉండ కట్టాలి గానీ అరచేతుల మధ్య రుద్దితే సన్నటి తాడులా సాగకూడదు. సాగిందంటే బంకమట్టి ఎక్కువున్నట్టే, ఆ ట్రాలీ వద్దనండి.

రెండోది, నేను మేలనుకునేది, కింద నాలుగంగుళాల మొరం, పైన మూడంగుళాల 20 ఎంఎం కంకర. ముందు ఏడంగుళాల లోతు రేగడి తీసేయాలి. ఆ మట్టిని పారేయకండి, కొంత మొక్కల మళ్లకు వాడుకోవచ్చు. అడుగున జియోటెక్స్‌టైల్ (నీళ్లు ఇంకనిచ్చే సింథటిక్) గుడ్డ పరవాలి. రాయి నేలలోకి దిగకుండా, బురద పైకి రాకుండా ఆపేది అదే. మామూలు ప్లాస్టిక్ షీటు వేస్తే నీళ్లు నిలిచిపోతాయి. మొరం అణగక ముందు కొలతలో 1.7 బ్రాస్, కంకర 1.15 బ్రాస్ పడతాయి. అంటే 2,550, 3,450, మొత్తం ఆరువేలు. ఇక్కడే చాలామంది బడ్జెట్ తప్పుతుంది. ఆరువేలు సరుకు ఖరీదు మాత్రమే. జేసీబీకి గంట లెక్కన, గుడ్డకు, రోలర్‌కు లేదా ప్లేట్ కాంపాక్టర్ (నేలను అదిమే చిన్న యంత్రం) అద్దెకు, రెండు వైపులా అంచు రాళ్లకు, కూలీకి అంతా కలిపితే సరుకుకు సమానంగానో, ఇంకా ఎక్కువో అవుతుంది. అంచు రాళ్లు తగ్గిద్దామనిపిస్తుంది. తగ్గించకండి, అవి లేకపోతే కంకర రెండు నెలల్లో పూలమొక్కల్లోకి జరుగుతుంది.

కంకరలో కూడా తేడా ఉంది. క్రషర్‌లో పగిలిన కోణాల రాయి ఒకదానికొకటి పట్టుకుని నిలుస్తుంది. గుండ్రటి గులకరాళ్లు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ చక్రం కింద జారిపోతాయి. కాబట్టి వాటిని తులసికోట చుట్టూ, కుండీల దగ్గర, చూరు నీళ్లు పడే చోట రెండంగుళాల మందాన వాడితే చాలు. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడికి మూడున్నర ఘనపుటడుగులకు మించవు. దానికోసం గోదావరి ఒడ్డు నుంచి ఎవరో తెచ్చిస్తామంటే వద్దనండి. అనుమతి లేకుండా తవ్విన సరుకు అది. కంకర, మొరం తెప్పించేటప్పుడు కూడా రాయల్టీ పాస్ (తవ్వకానికి సర్కారుకు రుసుము కట్టినట్టు చీటీ) ఉందా అని అడగాలి. లేకపోతే తహసీల్ వాళ్లు బండి ఆపితే మన పని కూడా ఆగుతుంది.

ట్రాలీ వచ్చాక దింపక ముందు కొలవాలి. "పూరా బ్రాస్ ఉంటది అన్నా" అంటాడు డ్రైవరు. "ఉండనీ తమ్మీ, ఒకసారి టేపు పెడదాం" అంటే తప్పేం లేదు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు డబ్బా నిండితే 90 ఘనపుటడుగులే. పైన గోపురంలా ఉంటేనే నూరు దాటుతుంది. దారి కుదుపులకు సరుకు అణుగుతుంది, ఆ కాస్త తగ్గుదల సహజం. మూడో వంతు తగ్గితే మాత్రం సహజం కాదు.

పేవర్ బ్లాకులు: కారుకు 60 ఎంఎం సరిపోతుంది, ట్రాక్టరో లోడు బండో లోపలికి వస్తే 80 తీసుకోండి. కూలీతో కలిపి చదరపు అడుగుకు 60 రూపాయలు అనుకుంటే 24,000. కింద అదే మొరం పొర, అదనంగా అంగుళం ఇసుక. దుమ్ము లేదు, చీపురుతో ఊడ్చుకోవచ్చు, ఇంట్లో ముసలివాళ్లు చేతికర్రతో నడవడానికి ఇదే మేలు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి కంకర మీద నడవడం ఎంత కష్టమో నడిచేవాళ్లకే తెలుసు. అందుకని పెద్దవాళ్లున్న ఇంట్లో గేటు నుంచి మెట్ల దాకా మూడడుగుల బాట పేవర్లతోనే వేయించమంటాను, మిగతా చోట ఖర్చు తగ్గించినా సరే.

కాంక్రీటు ఐదంగుళాల మందాన ఎం20 అనే బలం రకం వేస్తే సుమారు 38 బస్తాల సిమెంటు పడుతుంది. 2025 సెప్టెంబర్‌లో సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అయినా ఇది భారీ ఖర్చే. రేగడి మీద అడుగు పొర లేకుండా పోస్తే పలక పగులుతుంది, పగిలితే అతుకు వేయడం కుదరదు. షాబాద్ బండలకూ అదే ఇబ్బంది. నడకకు బాగుంటాయి, కారు ఎక్కితే విరుగుతాయి.

ధర్మాబాద్ వైపు ఇళ్లలో ఇంకో అవసరం ఉంది. ఎండుమిర్చి, పసుపు ఆరబోయడానికి చదునైన చోటు కావాలి. కంకర మీద ఆరబోయలేం. పంట ఉన్నవాళ్లు వాకిలి అంతా కంకర పోయకుండా ఎండ పడే వైపు కొంచెం గచ్చు ఉంచుకోవాలి. అలాగే స్కూటర్ సైడ్ స్టాండ్ కంకరలో దిగబడి బండి పడిపోతుంది. నిలిపే చోట ఒక బండ వేస్తే సమస్య తీరుతుంది.

డబ్బు మరీ బిగుతుగా ఉంటే చక్రాలు నడిచే చోట మాత్రం రెండడుగుల వెడల్పున రెండు పట్టీలు పేవర్లు వేసి, మధ్యా పక్కలా కంకర నింపవచ్చు. పేవర్ పని 400 నుంచి 160 చదరపు అడుగులకు తగ్గుతుంది. మన అంచనా ధరకు 9,600. చాలా ఇళ్లకు ఇది బాగా సరిపోతుంది.

ఏది వేసినా వాలు ఇంటి గోడకు దూరంగా ఉండాలి. పదడుగుల వెడల్పుకు రెండున్నర అంగుళాల వాలు చాలు. పునాది పక్కన నీళ్లు చేరితే రేగడి ఉబ్బి గోడకే పగుళ్లు వస్తాయి. దారి మీద మిగుల్చుకున్న డబ్బు గోడ మరమ్మతుకు పోతుంది.

పని విడతలుగా చేయాలనుకునేవాళ్లు మే నెలలో తవ్వించి, గుడ్డ పరిచి, మొరం వేసి రోలర్ తొక్కించి వదిలేయండి. వానలు పడేటప్పుడు ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో చూసుకుని, ఆ గుంటలు నింపించి, దసరా దాటాక కంకర దింపించుకోవచ్చు. అప్పటికి పేవర్లకు డబ్బు సమకూరితే అదే మొరం మీద అవే వేయించుకోవచ్చు, మళ్లీ తవ్వాల్సిన పనిలేదు.