పేరు తెలియని నరాల జబ్బు: నెల్లూరా, రాయవేలూరా, బెంగళూరా?

పోయిన వారం కందుకూరు నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. నాలుగు నెలలుగా దానికి కుడి చెయ్యి తిమ్మిరెక్కుతోంది, రాత్రిళ్లు కాళ్లలో చీమలు పాకినట్టుంటోంది. ఇద్దరు డాక్టర్లు చూశారు, ఏమీ తేల్లేదు. “అక్కా, నువ్వు అన్నీ తిరిగావు గదా. చెన్నై పోవాలా, రాయవేలూరు సీఎంసీకా, బెంగళూరు నిమ్హాన్స్‌కా? ఏది మేలు?” అంది. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది.

నాది మూడేళ్ల కథ. కావలిలో టైలరింగ్ చేస్తాను. ఒకరోజు సాయంత్రం కూరగాయలు తీసుకుని ఇంటికొస్తే అత్తమ్మ నా కాళ్లకేసి చూసి “ఎడమ చెప్పేదమ్మా?” అంది. చూసుకుంటే లేదు. వీధి మలుపులో జారిపోయింది. అక్కణ్ణుంచి ఇంటిదాకా వట్టి కాలితో నడిచాను, గులకరాళ్లు గుచ్చుకున్నా తెలియలేదు. కొన్నాళ్లకు ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే తూలడం మొదలైంది. మిషన్ తొక్కుతుంటే కాలు పెడల్ మీద ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చేది.

మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. ‘నరాల బలహీనత’ అని పది రోజులు బి12 కలిసిన ఇంజెక్షన్లు వేశాడు. ఆ ఏడే రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె అందుకున్నాను. ఆ రొట్టె నాకు ధైర్యమే ఇచ్చింది. నష్టం జరిగింది ఇంజెక్షన్లతోనే. బి12 తక్కువైతే సరిగ్గా నాకున్న లక్షణాలే వస్తాయి: పాదాలు మొద్దుబారడం, కళ్లు మూస్తే తూలడం. రక్తపరీక్ష చేయించకముందే ఇంజెక్షన్లు పడితే రిపోర్టులో బి12 నిండుగా కనిపిస్తుంది, అసలు లోపం ఉండిందో లేదో తర్వాత ఎవరూ గట్టిగా చెప్పలేరు. నా ఫైల్లో ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. పేరు తేలకముందు ఇచ్చే స్టెరాయిడ్లూ అంతే, కొన్ని జబ్బుల గుర్తుల్ని చెరిపేస్తాయి. కాబట్టి ఎక్కడికి పోయినా సరే, ముందు రక్తం ఇచ్చి, ఆ తర్వాతే సూది వేయించుకోండి.

చెన్నై గురించి తొందరగా చెప్పేస్తాను. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి డాక్టరు ముందుంటాం, సాయంత్రానికి ఎంఆర్‌ఐ చేతిలో ఉంటుంది. డబ్బుంటే అంత వేగం ఇంకెక్కడా లేదు. నేను చూపించుకున్న చోట మాత్రం రిపోర్టులు నార్మల్ అని చూసి “టెన్షన్ తగ్గించుకోండమ్మా” అని పంపేశారు. కాళ్లు తట్టి చూడలేదు, నడిపించలేదు. ఇంటికొచ్చాక నేను నాటకమాడుతున్నానేమో అని నాకే అనుమానం పట్టుకుంది. ఆర్నెల్లు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ఆర్నెల్లు నాకు జబ్బుకంటే ఎక్కువ బరువనిపించాయి.

నెల్లూరు విషయానికొస్తే, పొగతోట పేటలో ఇప్పుడు నేను చూపించుకునే న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) దగ్గర మూడు గంటలు కూర్చోవాలి, లోపల పావుగంట కూడా దొరకదు. అయినా మొదటిరోజే ఆయన చేసిన పని నేను మరిచిపోను. ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే అదిరే రెండు కొమ్ముల ఇనుప పుల్ల) కొట్టి నా ఎడమ చీలమండ మీద పెట్టి “అదురుతోందా?” అన్నారు. చల్లగా ఇనుము ఆనినట్టు తెలిసిందే గానీ అదురు తెలియలేదు. అదే మోకాలి మీద పెడితే జుమ్మంది. ఆయన తలూపి రాసుకున్నారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. నేను చెప్పింది నిజమని తేలిందక్కడే.

తర్వాత “పుట్టిల్లెక్కడమ్మా?” అన్నారు. పొదిలి దగ్గర అన్నాను. “చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు?” బోరు నీళ్లే. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గురించి మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి, 1970లో కొత్త జిల్లాలోకి పోయాయి. ఏళ్లతరబడి ఆ నీళ్లు తాగితే కొందరిలో వెన్నెముక లోపల ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతుంది, కాళ్లు మొద్దుబారతాయి, బిగుసుకుపోతాయి. ఆయన వెన్నుకీ ముంజేతికీ ఎక్స్‌రే తీయించారు. నాలో అది లేదని తేలింది. కానీ అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. మన నీళ్లూ మన పొలాల్లో కొట్టే మందులూ తెలిసిన డాక్టరుకే అలాంటివి తడతాయి.

భాష సంగతి కూడా చిన్నది కాదు. తిమ్మిరి వేరు, మొద్దు వేరు, మంట వేరు, గుంజు వేరు. నీరసంగా ఉండటం వేరు, కాలు ఎత్తబోతే లేవకపోవడం వేరు. కళ్లు తిరగడం వేరు, తూలడం వేరు. నరాల డాక్టరుకు సగం దారి ఈ మాటలే చూపిస్తాయి. చెన్నైలో నా నోటివెంట వచ్చిన నాలుగు మాటల్నీ పక్కనున్నాయన ‘పెయిన్’ అని ఒక్కటి చేసి చెప్పాడు. ఆ లెక్కన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి మనకు చాలా అనువైనది. టీటీడీ పెట్టింది, 1993 నుంచి నడుస్తోంది, నెల్లూరు నుంచి బస్సులో మూడు గంటలు, అన్నీ తెలుగులోనే చెప్పుకోవచ్చు. రాయవేలూరు దాకా పోలేనివాళ్లు ముందు అక్కడికి పోతే మంచిది.

రాయవేలూరు సీఎంసీకి పేరు ఊరికే రాలేదు. 1949లో జాకబ్ చాందీ అనే డాక్టరు న్యూరోసర్జరీ, అంటే మెదడు, వెన్నుపాము ఆపరేషన్లు, మొదలుపెట్టింది అక్కడే. కాట్పాడిలో దిగి లాడ్జి తీసుకున్నాం. గదిలోనే అన్నం వండుకోవడానికి ఒప్పుకునేవి చాలా ఉన్నాయి. తొమ్మిది రోజులున్నాం. నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూసే పరీక్ష, వెన్ను మొత్తానికి ఎంఆర్‌ఐ, వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష, అన్నీ ఒకేచోట అయ్యాయి. ఒక డాక్టరు రాసింది ఇంకొకరు చదువుతారు. చిన్న డాక్టరు గంటసేపు అడిగి రాసుకుంటే, పెద్ద డాక్టరు వచ్చి మళ్లీ తట్టి చూస్తారు. చివరిరోజు చెప్పిందేమంటే, ఇప్పటికి పేరు పెట్టలేం, ఆర్నెల్ల తర్వాత రండి అని. లాడ్జికొచ్చి ఏడ్చాను. పొగతోట డాక్టరు ఆ కాగితాలు చదివి “గడ్డ లేదు, వెన్నుపాము నొక్కుకోలేదు, ఇది చిన్న విషయం కాదమ్మా. కొన్ని జబ్బులు రెండోసారి వస్తేగానీ బయటపడవు” అన్నారు. అప్పుడు గానీ ఆ తొమ్మిది రోజులు వృథా కాలేదని నాకు అర్థం కాలేదు.

నిమ్హాన్స్ అంటే మావైపు ఇంకా ‘బెంగళూరు పిచ్చాసుపత్రి’ అనుకుంటారు. ఆ మాటకు భయపడి పోనివాళ్లు నాకు తెలుసు. నరాల వైద్యం, మనసు వైద్యం రెండూ ఒకే ఆవరణలో ఉండటమే దాని బలం. నరం, మెదడు దెబ్బతినకుండానే, మెదడు పనిచేసే తీరు గాడి తప్పితే వచ్చే ఫంక్షనల్ జబ్బు ఒకటుంది. కాలు చచ్చుబడినట్టవుతుంది, వణుకు వస్తుంది, ఫిట్స్ లాంటివి వస్తాయి. అది నటన కాదు, దానికి ఫిజియోథెరపీతో సహా చికిత్స ఉంది. రిపోర్టులు నార్మల్ అన్నంత మాత్రాన దాన్ని తేల్చకూడదు, పరీక్షలో గుర్తులు కనిపించాలి. ఉదాహరణకు, మామూలుగా నొక్కమంటే నొక్కలేని కాలు, రెండోకాలు పైకెత్తమన్నప్పుడు తనంతట తానే గట్టిగా కిందికి నొక్కుతుంది. అలా చూసి చెప్పిన డాక్టరును నమ్మండి. చూడకుండా టెన్షన్ అన్నవాళ్ల మాట నమ్మి ఇంట్లో కూర్చోకండి.

మూతి వంకరపోవడం, ఒకపక్క చెయ్యి పడిపోవడం, మాట తడబడటం ఉన్నట్టుండి వస్తే అది పక్షవాతం కావచ్చు, ఈ తూకాలేవీ పెట్టుకోకూడదు. మెదడు నాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు, అదీ స్కాన్ చూశాకే వేస్తారు. 108కి ఫోన్ చేసి దగ్గర్లో సీటీ స్కాన్ ఉన్నచోటికి పోవాలి. రెండు కాళ్లూ గంటగంటకూ బలం తప్పినా, ఒంటికి రావడం ఆగినా అదేరోజు ఆసుపత్రిలో ఉండాలి.

మిగతావాళ్లకు నా లెక్క ఇది: నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక్క న్యూరాలజిస్టును పట్టుకుని ఆయన్నే వదలకుండా చూపించుకోవడం మేలు. పెద్దాసుపత్రికి ఒక్కసారి పోవాలి, అదీ ఆయన రాసిచ్చిన ఉత్తరంతో, పాత రిపోర్టులన్నిటితో. నాలుగు ఊళ్లు తిరిగి నాలుగు చోట్లా మొదటినుంచి మొదలుపెడితే, ఎవరికీ మన జబ్బు నిరుటికీ ఇప్పటికీ ఎలా మారిందో కనపడదు. ఇది తెలుసుకోవడానికి నేను అమ్మిన గాజులు రెండు.

చెల్లికి చెప్పింది కూడా అదే. చెయ్యి తిమ్మిరి మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా వస్తుంది, అదైతే నెల్లూరులోనే ఒక్క పరీక్షతో తేలిపోవచ్చు. షుగర్, థైరాయిడ్, బి12కి రక్తం ఇచ్చి, ఆ కాగితాలతో సోమవారం పొగతోటకు రమ్మన్నాను. నేనూ ఆరోజే పోతున్నాను, మూడు గంటలు ఎటూ కూర్చోవాలి. వచ్చేలోపు ఒక నోటుపుస్తకం కొనుక్కుని, ఏ వేలు, ఏ వేళ, ఎంతసేపు అని దాని మాటల్లోనే రాసుకురమ్మన్నాను.